ఆరు కొట్టని పొద్దు

బోధన్, రుద్రూర్ రోడ్డు,
సెప్టెంబర్ 29.

భాగ్యక్కకు, లిడియా వందనాలు.

ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అంటావు. వాట్సాప్ అంటే మండిపడతావు. అందుకే తెల్ల కాగితాలు కొనుక్కొచ్చి, నువ్వు వదిలివెళ్లిన కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లు నువ్వు నడిపిన మన చెరుకు నర్సరీ ఆఫీసు కంప్యూటర్‌ను పదిహేను నెలల్లో ఆగం చేశానని తిడతావేమోనని ఇన్నాళ్లూ రాయలేదు. తిట్టు, పడతాను. కానీ ముందు ఇది చదువు.

ఇక్కడ గడియారం సరిగా లేదక్కా. ఎప్పుడూ కాదు. కరెంటు పోయి, నెట్ డబ్బా ఆరిపోయి, కంప్యూటర్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు తెర మీద టైం ముందుకు దూకుతుంది. నిన్న నా కళ్ల ముందే దూకింది. తొమ్మిదీ పది చూస్తుండగానే రెండూ నలభై అయింది. కిటికీ బయట పొద్దుటి ఎండే ఉంది, చెరుకు ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. తెర లోపల మాత్రం మధ్యాహ్నం. నేను ఏ పూటలో ఉన్నానో కాసేపు తెలియలేదు. తెల్లవారుజామున కలలోంచి లేచి, ఇది మా ఇల్లేనా అని చూసుకుంటాం కదా, అట్లా అయింది. తర్వాత కరెంటు వచ్చింది, నెట్ వచ్చింది, టైం మళ్లీ తొమ్మిదింపావు.

ఇది ఉత్త వింత అయితే నిన్ను కదిలించకపోదును. మన షెడ్డు సాయవ్వను పనిలోంచి ఆపారు. ఈ నెల 9న జరిగింది ఇది. సీసాల్లో మొలిపించిన చెరుకు మొక్కలను అంతకుముందు రోజే షెడ్డులోకి మార్చాం. రెండు వేలు. వాటికి గంటగంటకూ నీటి తుంపర పడాలి, లేకపోతే ఒక్క ఎండకే వాలిపోతాయి. తుంపరను కంప్యూటరే వదులుతుంది, పొద్దున ఆరింటికి వచ్చి చూసుకునేది సాయవ్వ. ఆ రోజు తుంపర పడలేదు. సాయవ్వ కడవలతో మోసి చల్లితే రెండు ట్రేలు బతికాయి, మిగతావన్నీ పోయాయి. మేనేజర్ శాంతి కుమార్ సారు వేలిముద్రల లెక్క తీశారు. అందులో సాయవ్వ వచ్చిన టైం పదకొండూ ముప్పై ఒకటి అని ఉంది.

"నేను ఎప్పటి లెక్క ఆరింటికే వచ్చిన సారూ" అంది సాయవ్వ. అంతే. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అక్టోబర్ 30న కమిటీ మీటింగ్. ఆ రోజు ఆమె పేరు కొట్టేస్తారు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి దొంగ టైం చెప్పిందన్న మాట ఊళ్లో ఉండిపోతుంది. గడియారం తప్పని నేను చూపించగలిగితే చాలు. ఎట్లా చూపించాలో నాకు రావడం లేదు. నువ్వు చెప్పక్కా.

నీ లిడియా

*

మోర్తాడ్,
అక్టోబర్ 5.

లిడియాకు,

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడ మల్లన్న! పదిహేను నెలలు ముఖం చాటేసి, ఇప్పుడు అక్క గుర్తొచ్చిందా పిల్లా? సరే, తిట్టు అయిపోయింది. కోపం నీ మీద ఎక్కువసేపు నిలవదు, అదే నా ఖర్మ.

నీ ఉత్తరం పసుపు చేను గట్టు మీద చదివాను. పసుపు నడుము దాకా వచ్చింది. గాలికి ఆకులు కదులుతాయి, నాకు చప్పుడు ఉండదు. చెవులు పోయినప్పటి నుంచి లోకం నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంటుంది నాకు. మొదట్లో ఏడ్చాను. ఇప్పుడు కొన్ని పూటలు అదే బాగుంటుంది. కానీ కలలో మాత్రం అన్నీ వినబడతాయి. మొన్న కలలో, ఎప్పుడో మూతపడిన మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ విన్నాను. పొద్దుటి సైరన్. లేచి కూర్చుని, ఎవరో వేశారు కాబోలనుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాను.

సాయవ్వ సంగతి చదివి అన్నం సయించలేదు. నేను ఉన్నన్ని రోజులూ గేటు తాళం తీసేది ఆమే. ఆమె ఆలస్యంగా వచ్చిందంటే నేను నమ్మను, తెర కాదు కదా దేవుడొచ్చి చెప్పినా నమ్మను.

ఇప్పుడు పని. నేను చెప్పినట్టు చెయ్యి, నీ తెలివి కలపకు. నల్ల తెర తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టు. ఏం చూపిస్తే అది రాసుకో. తర్వాత ఆ కంప్యూటర్‌లో టైం సరిచేసే ప్రోగ్రాములు ఎన్ని నడుస్తున్నాయో చూడు. ఒక్కటే ఉండాలి. నేను పెట్టింది క్రోనీ. నా రోజుల్లో నెట్ వానాకాలం అంతా ఉండేది కాదు కనుక, బయట స్తంభానికి ఉన్న బూడిదరంగు పెట్టెను చూసి టైం దిద్దుకోమని దానికి చెప్పాను. వానా ఎండా కొలిచే పెట్టె, నీకు తెలుసు. ఇంకో ప్రోగ్రాం కనబడితే అది ఎవరు తెచ్చారో కనుక్కో. 9వ తారీఖు చిట్టా తీసి, టైం ఎక్కడ తెగిందో వెతుకు.

ఒక మాట అడుగుతాను. ఆ పెట్టెను ఈ మధ్య ఎవరైనా ముట్టుకున్నారా?

భాగ్యలక్ష్మి

*

బోధన్, రుద్రూర్ రోడ్డు,
అక్టోబర్ 12.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు ఉన్నాయి! ఒకటి నీ క్రోనీ. రెండోది టైమ్‌సింక్. ఎండాకాలంలో ఒక టెక్నీషియన్ వచ్చి కంప్యూటర్‌కు కొత్త లినక్స్ వేసిపోయాడు, అప్పుడు దానితోపాటు వచ్చింది. అది నెట్‌లోంచి టైం తెచ్చుకుంటుంది, నీది పెట్టెలోంచి. నీది దిద్దుతుంది, అది దిద్దుతుంది, మళ్లీ నీది దిద్దుతుంది. నెట్ ఉన్నంతసేపూ రెండోది వెంటనే సరిచేస్తుంది కనుక మాకు తెలియలేదు. నెట్ పోగానే నీ క్రోనీదే రాజ్యం.

ఒకే ఒరలో రెండు కత్తులెందుకని, మొన్న ఆదివారం ఎవరూ లేనప్పుడు టైమ్‌సింక్‌ను ఆపి చూశాను. నీది నమ్మకమైనదని నీదే ఉంచాను. ఏమైందో చెప్తే నవ్వుతావు. పొద్దున తొమ్మిదికి మా తెర మీద రెండున్నర. నేను పదకొండింటికి టిఫిన్ తింటుంటే దానికి నాలుగున్నర. మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉండగా దానికి సాయంత్రం అయిపోయింది. షెడ్డు దీపాలు వాటంతటవే వెలిగాయి. పట్టపగలు, ఖాళీ షెడ్డు, వరుసగా దీపాలు. అటు చెరుకు, ఇటు చెరుకు, మనిషి అలికిడి లేదు. నేనొక్కదాన్నే ఇంకా రాని సాయంత్రంలోకి వచ్చి నిలబడ్డాననిపించింది. భయం వేయలేదక్కా. ఎందుకో ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. చాలాసేపు అక్కడే ఉండి, తర్వాత టైమ్‌సింక్‌ను మళ్లీ వేసి వచ్చాను.

9వ తారీఖు చిట్టాలో ఉన్నది యథాతథంగా రాస్తున్నాను. తెల్లవారుజామున ఐదూ నలభై అని ఒక వరుస. దాని కిందనే పదకొండూ పది. తర్వాత పదకొండూ ముప్పై ఒకటికి సాయవ్వ వేలిముద్ర. ఒంటిగంటా ముప్పై ఐదు అని ఒక వరుస, దాని కిందనే ఎనిమిదీ ఐదు. ఆ రోజు ఎనిమిదింటికి కరెంటు వచ్చింది. మిగతావాళ్లందరం తొమ్మిదికి వేలు పెట్టాం కనుక మా టైములు బాగానే ఉన్నాయి. ఆరింటికి వచ్చేది ఆమె ఒక్కతే.

పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు.

సాయవ్వను చూసి వద్దామనుకుంటున్నాను, రోజుకొక సాకు చెప్పుకుని ఆగిపోతున్నాను.

నీ లిడియా

*

నిజామాబాద్, ఖలీల్‌వాడి,
అక్టోబర్ 17.

లిడియా,

చెవి మిషన్ కోసం వచ్చి డాక్టర్ దగ్గర వరుసలో కూర్చున్నాను. టోకెన్ చీటీ వెనక నీ అంకెలు వేసుకుని చూస్తున్నాను.

ఐదూ నలభై నుంచి పదకొండూ పది. తీసివెయ్యి. ఐదున్నర గంటలు. ఒంటిగంటా ముప్పై ఐదు నుంచి ఎనిమిదీ ఐదు. ఐదున్నర గంటలు. ఆదివారం తొమ్మిదికి రెండున్నర అన్నావు, అదీ ఐదున్నరే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని.

విను. లినక్స్ తన లోపల మన టైం ఉంచుకోదు. లండన్ పక్కన గ్రీనిచ్ టైం ఉంచుకుంటుంది. మనకు చూపించేటప్పుడు దానికి ఐదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. ఆ బూడిదరంగు పెట్టె కూడా అంతే, దానికి గ్రీనిచ్ టైమే ఇవ్వాలి. మన దగ్గర పొద్దున ఆరైతే దానికి అర్ధరాత్రి పన్నెండున్నర అని ఇవ్వాలి. తెలియనివాళ్లు ఆరుకు ఆరే పెడితే, పెట్టె ఆ ఆరునే గ్రీనిచ్ అనుకుంటుంది. కంప్యూటర్ దాని మీద మళ్లీ ఐదున్నర కలుపుతుంది. తెర మీద పదకొండున్నర. సాయవ్వ వేలు పెట్టింది సరిగ్గా ఆరూ ఒక నిమిషానికి. ఆమె మాట నిజం.

ఇంకా ఉంది. మొక్కలు ఎందుకు చచ్చాయి? తుంపరకు నేను పెట్టిన ఆజ్ఞ ఒక్కటే. పొద్దున ఆరు కొట్టగానే మొదలుపెట్టు, అక్కడి నుంచి గంటగంటకూ చల్లు. ఆ రోజు తెర మీద ఐదూ నలభై అయింది, పదకొండూ పది అయింది. ఆరు ఏది? ఆరు రానే లేదు. గడియారం కొద్దిగా దూకితే తప్పిపోయిన పనిని వెతికి చేస్తుంది కంప్యూటర్. మూడు గంటలు దాటి దూకితే వదిలేస్తుంది, దాని పద్ధతి అంతే. ఎనిమిదింటికి టైం సర్దుకునేసరికి బయట ఆరు దాటి రెండు గంటలైంది. లోకమంతా ఆరు కొట్టింది, కోళ్లు కూశాయి, సాయవ్వ వచ్చింది. మన కంప్యూటర్‌లో మాత్రం ఆ రోజుకు ఆరు గంటలన్నదే లేదు.

ఇప్పుడు నా పాపం. మన రిజిస్టర్ మొదటి పేజీలో నేను "పిడుగు పడితే పెట్టెకు టైం పెట్టవలెను" అని రాసి ఉంచాను. ఏ టైమో రాయలేదు. మరిచిపోయి కాదు పిల్లా. చెవులు వినబడటం లేదని నన్ను ఇంటికి పంపారు. పంపితే పంపారు, ఏదో ఒకరోజు ఈ ఒక్క ముక్క కోసం నా గడప తొక్కుతారులే అనుకున్నాను. నా రోషం అంత పని చేసింది. సాయవ్వ నెత్తిన పడుతుందని అనుకోలేదు. సిగ్గుతో రాస్తున్నాను.

కానీ పెట్టె తనంతట తాను టైం మార్చుకోదు. గాలి వచ్చి బటన్లు నొక్కదు. ఎవరో మన టైం పెట్టారు. ఎవరు?

భాగ్యలక్ష్మి

*

బోధన్, రుద్రూర్ రోడ్డు,
అక్టోబర్ 21.

అక్కా,

నేనే.

జూలైలో పిడుగు పడిన మర్నాడు పెట్టె ఖాళీగా మెరుస్తోంది. రిజిస్టర్ తీశాను, నీ రాత చూశాను. ఆ రోజు తొందరగా వచ్చాను. చర్చిలో ఆరు గంటల ప్రార్థన గంట మోగుతోంది. గంటకు సరిగ్గా ఆరు అని పెట్టాను. నిమిషం కూడా తేడా రానివ్వలేదని మురిసిపోయాను. ఇంటికి వెళ్లి మా అమ్మ మేరీకి చెప్పుకున్నాను కూడా. నువ్వు పెట్టెను ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగిన రోజే నాకు అనుమానం వచ్చింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అది ఒక్కటే అయితే తెలియక చేసిన తప్పే. ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

9న సాయవ్వ నా దగ్గరికి వచ్చిందక్కా. గుమ్మంలో నిలబడి, "బిడ్డా, పొద్దుగాల్నుంచి తుంపర రాలే. మొక్కలు తల వంచుతున్నయ్. వాల్వు గది తాళంచెయ్యి ఇయ్యి, నేనే తిప్పుత" అంది. తాళంచెవి నా సొరుగులో ఉంది. నేను తెర వైపు చూశాను. టైం సరిగానే ఉంది, ఎర్ర గుర్తు ఏదీ లేదు. "రాకుండ ఎందుకుంటది అవ్వా, ఆరింటికి అదే వస్తది. మిషన్ నిద్రపోతదా?" అన్నాను. నవ్వాను కూడా.

"నేను సూసొస్తి గద బిడ్డా" అంది.

నేను ఇవ్వలేదు. వాల్వును చేత్తో ముట్టుకోవద్దని నోటీసు అంటించింది నేనే. ఆమె వెళ్లిపోయింది. కడవలు మోసింది. నేను మధ్యాహ్నం దాకా షెడ్డు వైపు పోలేదు.

శాంతి కుమార్ సారు ఆమెను అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు నా పేరు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని ఆమె నోటి వైపే చూశాను. చెప్పలేదు. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నా నిద్రలోకి వస్తోంది. కలలో ఆమె గుమ్మంలో నిలబడి ఉంటుంది, నేను సొరుగు లాగుతాను, అది తెరుచుకోదు.

నాది డిసెంబర్ దాకా కాంట్రాక్టు. చెప్తే ఆ తర్వాత ఉండనివ్వరు. గడియారం తప్పని చూపిస్తే సాయవ్వ బయటపడుతుంది కదా, నా మాట చెప్పాల్సిన పని లేదు కదా అని రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను. నువ్వేమంటావు?

లిడియా

*

మోర్తాడ్,
అక్టోబర్ 25.

లిడియాకు,

నేనేమీ అనను. అనే మొఖం నాకు లేదు.

శాంతి కుమార్ సారుకు నేను వేరే ఉత్తరం రాశాను. పెట్టె సంగతి, నేను రాయకుండా దాచిన సంగతి అందులో ఉన్నాయి. నీ సంగతి లేదు. అది నీది.

కంప్యూటర్‌కు చేయవలసింది చెప్తాను. క్రోనీని ఆపు. ఆపడమే కాదు, మళ్లీ లేవకుండా మూసెయ్యి. నాది కదా అని మొహమాటపడకు. ఇప్పుడు నెట్ ఉంటుంది, టైమ్‌సింక్ చాలు. పెట్టెకు గ్రీనిచ్ టైం పెట్టి, ఏ టైం పెట్టాలో రిజిస్టర్‌లో పెద్ద అక్షరాలతో రాయి.

చెవి మిషన్ వచ్చింది. పెట్టుకోగానే పసుపు ఆకుల చప్పుడు వినబడింది. వాన అనుకుని బట్టలు తీయడానికి పరుగెత్తాను. ఎండ కాస్తోంది. అక్కడే కూర్చుని నవ్వుకున్నాను, తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఎవరేం చెప్పినా "ఆఁ?" అన్నదాన్ని. చెవులు బాగున్నప్పుడు కూడా ఎవరి మాట ఎంత విన్నానో ఏమో.

భాగ్యలక్ష్మి

*

బోధన్, రుద్రూర్ రోడ్డు,
నవంబర్ 3.

అక్కా,

మీటింగ్ అయింది. చిట్టా ముందు పెట్టి నువ్వు చెప్పిన లెక్క చెప్పాను. ఐదున్నర గంటలు అనగానే అందరూ తలలూపారు. సాయవ్వ తప్పు లేదని రాసుకున్నారు. ఫైలు మూయబోతుంటే నేను నిలబడ్డాను. తాళంచెవి సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను. శాంతి కుమార్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "డిసెంబర్ దాక ఉండు. తర్వాత నేనేం చెప్పలేనమ్మా" అన్నారు. అనుకున్నదే. ఒంట్లోంచి రాయి తీసేసినట్టయింది, భయం మాత్రం పోలేదు.

సాయవ్వకు కబురు పంపారు. రెండు రోజులైనా రాలేదు. నన్నే పొమ్మన్నారు.

శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పాత క్వార్టర్ల వెనక ఉంటుంది ఆమె. ఆ దారిలో తుప్పలు ఎంత పెరిగాయంటే, వాటి మధ్య ఇళ్లు నిద్రపోతున్నట్టు ఉన్నాయి. చెరుకుకు తెల్ల పూత వచ్చింది, గాలికి పొగలా ఊగుతోంది. సాయవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు వలుస్తోంది. నేను నిలబడే అన్నీ చెప్పాను. కాళ్ల మీద పడబోతే, "ఏ, లే, గివన్ని ఎందుకు" అని భుజం పట్టుకుంది. ముంత నిండా నీళ్లు ఇచ్చింది.

"నా పేరు ఎందుకు చెప్పలేదవ్వా?" అని అడిగాను.

"నీ పేరు సెప్తె నీ నౌకరి పోతుండె. నువ్వే సెప్తవేమోనని సూసిన" అంది.

గింజలు ఒకపక్క, చింతపండు ఒకపక్క వేసుకుంటూ, "గడియారం తప్పన్నరట. మంచిగైంది. గని బిడ్డా, గడియారం తప్పు గాకపోతె నేను అబద్ధాల ముండనే గద మీకు?" అంది. ముంత కింద పెట్టి, పక్కన కూర్చుని నేనూ గింజలు తీశాను.

పనిలోకి వస్తానంది. ఒకటే షరతు. ఆ రోజు తను వచ్చి చెప్పిన మాట రిజిస్టర్‌లో ఎక్కాలి. "గా మిషన్ సెప్పింది రాసుకుంటరు. నేను సెప్పింది గూడ రాయుండ్రి" అంది.

ఈ పొద్దున వచ్చింది. తలుపు తీసి నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది. ఆమెకు చదువు రాదు. నేను పైకి చదువుతూ రాశాను: "సెప్టెంబర్ 9. తుంపర రాలేదని సాయవ్వ వచ్చి చెప్పింది. తాళంచెవి అడిగింది. లిడియా ఇవ్వలేదు."

"టైం ఎంతని రాయాలె అవ్వా?" అన్నాను. నాకు నిజంగా గుర్తు లేదు.

"తొమ్మిదిన్నర రాయి" అంది. "నువ్వు గప్పుడే చాయ్ పోస్కున్నవ్. తాగి వస్త, నువ్వు పో అన్నవ్. నేను షెడ్డుకాడ నీకోసం సూసిన."

ఆ మాట నేను అన్నానని నీకు రాసిన ఉత్తరంలో కూడా లేదు. దాచలేదక్కా. మరిచిపోయాను.

అదీ రాశాను. కింద సంతకం పెట్టి, సొరుగులోంచి తాళంచెవి తీసి ఆమె చేతికి ఇచ్చాను. కొంగుకు ముడి వేసుకుని షెడ్డుకు వెళ్లిపోయింది.

నీ లిడియా